ర మీద గీత

బేరానికి పోతే కొట్టువాడు అడిగిన మొదటి మాట:
"ట్యాబు ఒక్కటేనా, కీబోర్డు కూడా తగిలించుకుంటావా?"
రెండు వేల ఎనిమిది వందలు తేడా.
సప్తగిరి సర్కిల్లో నిలబడి
పది వేళ్ళనూ ఒకసారి చూసుకున్నా.

ఇవి నా వేళ్ళు కావు.
టైపు నేర్పిన మస్తాన్‌వలీ సారువి.
చేతుల మీద తుండుగుడ్డ కప్పి
"చూడొద్దురా, కొట్టు" అనేవాడు.
చూస్తే కణుపుల మీద స్కేలు.
"కండ్లు ఎదుటోనికి, వేళ్ళు అచ్చరాలకి."
సారు పోయినాడు, మిషన్లు తూకానికి పోయినాయి.
తుండుగుడ్డ కింది చీకటి మాత్రం
వేళ్ళల్లో ఉండిపోయింది.

కొన్నా.
కలెక్టరాఫీసు గోడ వారన, సోమవారం సోమవారం,
ఇనుప కుర్చీ, ఒళ్ళో పలక, ఎదురుగా అర్జీ మనిషి.
ర మీద సన్న గీత ఒకటుంటుంది
చూపుడువేలికి తగిలీ తగలనంత.
అది దొరికితే చాలు
గంట కట్టిన మేక దొరికితే మంద దొరికినట్టు
తక్కినవన్నీ వాటంతటవే వస్తాయి.

ఉత్త అద్దం మీద ఆ గీత లేదు.
తడిబండ మీద కాలు మాదిరి వేలు జారుతుంది.
నేను అద్దాన్ని చూడాల.
అద్దాన్ని చూస్తే మనిషిని చూడలేను.
మనిషిని చూడకుండా రాసిన అర్జీ
ఏ బల్ల మీద పెట్టినా లేచి నిలబడదు.

అక్క కొడుకు వన్నూరప్ప నవ్వుతాడు:
"ఇంకా ఈ కొట్టుడేంది మామా,
నోటితో చెప్పు, అదే రాసుకుంటుంది."
చెప్పినా, చెనిక్కాయ పంట ఎండిపోయిందని.
చనిపోయిన కాయ పంట అని రాసుకుంది.
తప్పని దిద్దడానికి
ఎందుకో చెయ్యి రాలేదు.

రెండేండ్లు కీబోర్డు పక్షమే నేను.
బరువు మోకాళ్ళకు తెలుసు,
గాలికాలం దుమ్ము మీటల సందులకు తెలుసు,
ఎవరికీ చెప్పలా.

మొన్న ఆషాఢంలో
బెళుగుప్ప నుంచి సుంకమ్మ వచ్చింది.
నాలుగు నెలలుగా బియ్యం లేవు.
మిషను ఆమె వేలిని ఒప్పుకోలేదంట.
బుడ్డలు ఒలిచి ఒలిచి గీతలరిగిన వేలు.
"నీ వేలు నీది కాదంటాంది" అన్నాడంట డీలరు.

నేను ఆమె ముఖం చూస్తా టకటకా కొడతాండా.
ఆమె మాట నడుమలో ఆగిపోయింది.
మా ఇద్దరి మధ్య నిలబెట్టిన పలక,
నాకు దాని ముఖం,
ఆమెకు దాని వీపు.
"ఆ తలుపు తీయప్పా" అనింది,
"లోపల ఏం రాస్తాండావో."

ముప్పై ఏండ్లు
ఎదుటివాళ్ళను చూస్తాండానని మురిసినా.
వాళ్ళకేం కనపడతాందో
సారు కూడా చెప్పలేదు.

అయస్కాంతం టక్కుమని ఊడింది.
బోసి పలకను ఆమె మోకాలి మీద సగం,
నా మోకాలి మీద సగం.
ఆమెకు చదువు రాదు,
బస్సు బోర్డు మీద ఊరిపేరు ఒక్కటే గుర్తు.
వరసల్లో వెతికి వెతికి ఒకచోట వేలు పెట్టింది.
ఏమీ కాలేదు.
నాలుకకు అద్ది మళ్ళీ పెట్టింది.
బెళుగుప్ప అన్న మాట నడుమ
సన్నని గీత లేచి, ఆరి, లేచి, ఆడింది.

"చూడు" అనింది, "దీనికి తెలిసింది, నేనే అని."

కీబోర్డు కొనాల్నా వద్దా అని
వన్నూరప్ప స్నేహితులు నన్నడుగుతారు.
ఏం చెప్పేది?
కొట్టేటప్పుడు తగిలిస్తా,
చదివి వినిపించేటప్పుడు ఊడదీస్తా.
పొద్దు గూకేలోపల ఇరవైసార్లు టక్కు, టక్కు.
కొట్టువాడు ఈ లెక్క చెప్పలేదు.

ఆ పొద్దు ఆమె కొంగులోంచి రాలిన
బుడ్డ పొట్టు ఒకటి ర కింద ఇరుక్కుంది.
ఊదినా పోలా, గుండుసూదికీ చిక్కలా.
గట్టిగా కొడితేగాని పడదు ఆ అక్షరం.
నాకేమో ప్రతి అర్జీలోనూ అదే కావాల:
రాలేదు,
రాలేదు,
ఇంకా రాలేదు.